స్థితి గడిలో రాయని మాట

జూలై 4, శుక్రవారం

వానలకు ముందు చెయ్యాల్సిన పాత భవనాల సర్వే మా మునిసిపల్ ఆఫీసువాళ్ళం వానలు మొదలయ్యాక చేస్తున్నాం. ప్రతి ఏడూ ఇదే తంతు. ఈసారి నా వంతుకు పదకొండు భవనాలు వచ్చాయి. జాబితాలో తొమ్మిదోది అక్క వాళ్ళది. ఆ కాగితం వేరేవాళ్ళకిచ్చి వాళ్ళది నేను తీసుకోవచ్చు. అడగబోయి ఊరుకున్నాను. వాళ్ళు చూస్తే ఏం రాస్తారోనని కాదు. అక్క ఇంటికెళ్ళి చాలా రోజులైంది, అందుకని.

అక్కకు చెప్పకుండా ముందు కింద చూశాను. కిందంతా లాండ్రీ. నాలుగు పెద్ద మిషన్లు. అవి తిరుగుతుంటే బల్ల మీద ఇస్త్రీ చేసి పెట్టిన చొక్కాల దొంతర కూడా సన్నగా అదురుతుంది. వెనక మూల పిల్లరు దగ్గర నేల ఎప్పుడూ తడే. ఆ పిల్లరుకు రంగు మాత్రం కొత్తగా ఉంది. వేలి కణుపుతో కొడితే బోలుగా మోగింది. టార్చి పెట్టి చూస్తే నిలువునా పగులు, నా మోకాలి దగ్గర మొదలై తల పైదాకా. బొటనవేలి గోరు దూరింది.

లాండ్రీ ఆయన పక్కనే నిలబడి చూస్తున్నాడు. మిషన్ తిరిగేటప్పుడు కొంచెం అదురుతుందమ్మా, మాకలవాటే అన్నాడు. పగులుకు అడ్డంగా మూడు గాజు పట్టీలు సిమెంటు ముద్దతో అతికించి తేదీ వేశాను. ఇవెందుకన్నాడు. గోడ కదిలితే గాజు విరుగుతుంది, కదలకపోతే అలాగే ఉంటుంది అని చెప్పాను. తుడిచేటప్పుడు తగలకుండా చూసుకుంటానన్నాడు. మంచి మనిషి.

తర్వాత రెండో అంతస్తుకెళ్ళి అక్క దగ్గర టీ తాగాను. కింద అంతసేపు ఏం చేశావంది. గోడలు చూస్తున్నా అన్నాను. చూడు చూడు, నువ్వు సరే అన్న ఇల్లే కదా అంది నవ్వుతూ.

జూలై 5

రెండేళ్ళ కిందటి ఫైలు తీయించాను. సంతకం నాదే. అప్పుడే ఆ పిల్లరు మీద వెంట్రుకంత గీత ఉంది, ఫోటో కూడా జతచేశాను. స్థితి అన్న గడిలో "మరమ్మతు సరిపోతుంది" అని నా రాత.

అక్క ఆ రెండో అంతస్తు ఇల్లు కొన్నదీ అప్పుడే, బావ పోయిన ఏడాదిలోపే, ఆయన తాలూకు వచ్చిన డబ్బంతా పెట్టి. నువ్వు చూసి చెప్పు, నీ మాట మీదే కొంటానంది. అమ్మే ఆయనకు వేరే బేరం ఉంది, రెండు రోజుల్లో తేల్చమన్నాడు. పిల్లరు అడుగున తవ్వి చూడాలంటే వారం పడుతుంది. నేను తవ్వించలేదు.

వెంట్రుకంతే ఉంది అప్పుడు. ఎవరైనా అలాగే రాసేవాళ్ళు.

ఎవరైనా అలాగే రాసేవాళ్ళు.

జూలై 8

పెద్ద ఇంజనీరు గారి దగ్గరికి ఫైలు పట్టుకెళ్ళాను. మేమంతా ఆయన్ని సారు అంటాం. మనిషి చెడ్డవాడేం కాదు, రిటైరవడానికి ఎనిమిది నెలలుంది, ఈ ఎనిమిది నెలలూ ఏ కాగితమూ ఆయన్ని కరవకూడదు. అంతే ఆయన కోరిక.

మా ఫారంలో స్థితికి మూడే మాటలున్నాయి. దృఢంగా ఉంది. మరమ్మతు సరిపోతుంది. శిథిలావస్థలో ఉంది. ఈ మూడోది రాస్తే ఏడు రోజుల్లో భవనం ఖాళీ చేయించాలి, ఖాళీ చేసినవాళ్ళకు ఆఫీసే నీడ చూపించాలి. అందుకని నేను చేరిన ఈ పదహారేళ్ళలో ఆ మాట నిలబడి ఉన్న ఇంటికి రాసినట్టు నాకు గుర్తులేదు. ఇల్లు కూలాక, ఫైలు మూసేటప్పుడు, దాన్ని రాస్తాం.

సారు ఫోటోలు తిప్పి చూశారు. ఎన్ని కుటుంబాలని అడిగారు. ఎనిమిదన్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"పాతబడినది అని రాయమ్మా. అబద్ధం కాదుగా. పాతదేగా."

ఫారంలో ఆ మాట లేదన్నాను. రిమార్కుల్లో రాయొచ్చన్నారు. పైగా రెండేళ్ళ కింద మరమ్మతు సరిపోతుందన్నది మీరేగా, ఇప్పుడిలా రాస్తే అప్పటి సంగతి కూడా అడుగుతారు, నేను మీ మంచికే చెబుతున్నాను అన్నారు. గొంతు చాలా మెత్తగా ఉంది.

జూలై 9

"పాతబడినది. పరిశీలనలో ఉంచదగినది." అని రిమార్కుల్లో రాశాను, తాత్కాలికంగానే.

జూలై 12

అక్క భోజనానికి రమ్మంది. తలుపు కొట్టాను, లోపలినుంచి రెండు చేతులతో లాగితే గానీ రాలేదు. వానకి చెక్క ఉబ్బిందిలే అంది. నేను పైన సందు చూశాను. చెక్క ఉబ్బితే సందు అంతటా ఒకేలా పూడుతుంది. ఒక మూల మూసుకుపోయి రెండో మూల వేలు పట్టేంత తెరుచుకుందంటే ఉబ్బింది చెక్క కాదు, పక్కకు ఒరిగింది గుమ్మం చట్రం.

అవునక్కా, వానకే అన్నాను.

వడ్డిస్తూ తన కబుర్లు చెప్పింది. వంటింట్లో కొత్తగా అల్మరా పెట్టించాలట. మూడో అంతస్తు మాస్టారు రోజూ పొద్దున్నే మెట్ల మీద పేపరు గట్టిగా చదువుతారట, తప్పులు దొరికితే పండగట ఆయనకు. నేను రెండుసార్లు నోరు తెరిచి అన్నం పెట్టుకున్నాను.

"ఏంటే, ముద్ద మింగుడు పడట్లేదా?" అంది.

కారం ఎక్కువైందన్నాను. అక్క ఒక ముద్ద కలుపుకుని రుచి చూసి, ఏం లేదే అంది.

జూలై 15

మధ్య గాజు విరిగింది. సరిగ్గా పగులు మీద, కత్తితో కోసినట్టు. లాండ్రీ ఆయన నేను ముట్టుకోలేదమ్మా అని ముందే చెప్పాడు. ముట్టుకుని ఉంటాడు. లేదా గాజు పల్చనిదై ఉంటుంది. తీసేసి కొత్తది అతికించి ఇవాళ్టి తేదీ వేశాను.

జూలై 16

ఈమధ్య గాజు నాసిరకం వస్తోంది. షాపతను కూడా అదే అన్నాడు.

జూలై 18

మూడు రోజుల కింద పెట్టిన కొత్త గాజు విరిగింది. పైది కూడా. నేను అక్కడుండగానే విరిగింది. చిన్న చప్పుడు, గోరు విరిచినట్టు. మిషన్లు అప్పుడు తిరగడం లేదు, లాండ్రీ ఆయన భోజనానికి కూర్చున్నాడు. చప్పుడుకు తలెత్తి నావైపు చూశాడు. ఏం కాదన్నాను. మళ్ళీ తినడం మొదలుపెట్టాడు.

ఆఫీసుకొచ్చి కొత్త ఫారం తీశాను. ఈసారి స్థితి గడిలో మూడో మాటే రాశాను. సారు టేబుల్ మీద పెట్టి నిలబడ్డాను. ఆయన చాలాసేపు చదివి ఎర్ర పెన్ను తీసి ఆ మాట చుట్టూ సున్నా చుట్టారు. శిధిలం అని రాశానట. ధ కాదట, చుక్క ఉన్న థ అట.

"ఇంత పెద్ద మాట రాసేముందు రాయడమన్నా సరిగ్గా రాయాలి కదమ్మా. పైకి పంపితే నన్ను చూసి నవ్వుతారు. సోమవారం తీసుకురండి."

చుక్క లేదని ఫైలు వెనక్కొచ్చింది. మెట్లు దిగుతుంటే నాకు సిగ్గుతో పాటు ఇంకోటి కూడా కలిగింది. దాన్ని ఇక్కడన్నా రాయాలి. ఊపిరి ఆడింది. రెండు రోజులు దొరికాయి అనిపించింది.

జూలై 19

పొద్దున్నే మూడో అంతస్తుకెళ్ళాను. మాస్టారు మెట్ల మీదే దొరికారు, ఒళ్ళో పేపరు. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు భాష చెప్పి రిటైరైన మనిషి. ఒక మాట ఎలా రాయాలో అడగాలని వచ్చానన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఈ రోజుల్లో ఇలా అడిగేవాళ్ళెవరమ్మా అంటూ పక్కన చోటిచ్చారు.

పేపరు అంచున థ రాసి చూపించారు. సగం ఊరు దీన్ని ధ రాస్తుందన్నారు. అక్కడితో ఆపితే ఆయన మాస్టారెందుకవుతారు. దాని అర్థం కూడా జనం తప్పుగానే వాడతారు తెలుసా అన్నారు. కూలిపోయిన గోడని, మిగిలిన రాళ్ళగుట్టని శిథిలాలంటాం, వాడుకలో అదీ చెల్లుతుంది. కానీ అసలర్థం అది కాదు. వదులైనది. సడలినది. నిలబడే ఉంటుంది, కానీ లోపల ఒకదాన్నొకటి పట్టుకున్నవన్నీ పట్టు వదిలేస్తుంటాయి. ఇలా చెబుతూ రెండు చేతుల వేళ్ళు ఒకదాన్లో ఒకటి పెనవేసి, మెల్లగా వదులు చేసి చూపించారు. చేతులు మాత్రం విడిపోలేదు.

"పడిపోయాక చెప్పే మాట కాదమ్మా అది. పడకముందే చెప్పాల్సిన మాట."

నేను తల వంచుకుని ఆ అక్షరం చూస్తూ కూర్చున్నాను. ఇంతకీ ఏ ఇంటి గురించని అడిగారు. నా ఉద్యోగం ఆయనకు తెలుసు.

ఊరవతల ఒక పాత గోడౌను గురించి అన్నాను.

పాపం, అందులో మనుషులెవరూ ఉండరు కదా అన్నారు. ఉండరన్నాను. ఆయన తలూపి, తాగి వెళ్ళమ్మా అని టీ తెచ్చారు. తాగాను. ఆ ఇంటి మెట్ల మీదే కూర్చుని తాగాను.

జూలై 20, ఆదివారం

వాన. ఎక్కడికీ వెళ్ళలేదు. ఫోన్ మోగినప్పుడల్లా అక్క ఇంటి గురించేనేమోనని పరుగెత్తి తీస్తున్నాను.

జూలై 21

థ తో రాసి ఇచ్చాను. సారు సొరుగులో పెట్టారు. బుధవారం మీటింగ్ ఉంది, అక్కడ మాట్లాడతానన్నారు. తాళం వేసిన చప్పుడు విన్నాను.

జూలై 23, బుధవారం

తొమ్మిదింటికి వెళ్ళేసరికి మూడో గాజు కూడా విరిగి ఉంది. పగులులో ఇప్పుడు నా వేలు పడుతోంది. పిల్లరు అడుగున ప్లాస్టరింగ్ పెచ్చు ఊడి, ఇనుప చువ్వలు పక్కకు వంగి కనిపించాయి. చువ్వలు వంగితే ఇక అనుకోవడానికేం లేదు.

మీటింగ్ పదకొండింటికి. మీటింగ్‌లో ఏమవుతుందో నాకు తెలుసు.

సందు చివర రంగుల షాపులో ఎర్ర రంగు డబ్బా, బ్రష్షు కొన్నాను. మెట్ల గుమ్మం పక్కన గోడ మీద నా ఎత్తు అక్షరాలతో రాశాను. శిథిలం. చుక్క మర్చిపోలేదు. కింద "ఎవరూ ఉండరాదు" అని రాసి నా సంతకం చేశాను. రంగు మోచేతి దాకా కారింది.

జనం చేరారు. ఎవరిచ్చారు నీకు అధికారం అని ఒకాయన డబ్బా లాక్కున్నాడు. గోడ పాడు చేశావని ఇంకొకావిడ. వాళ్ళందరినీ లాండ్రీ వెనక్కి తీసుకెళ్ళి టార్చి ఇచ్చి, మీరే చూడండి, ఇది కూలుతుంది అన్నాను. చూసినవాళ్ళు ఒక్కొక్కరే బయటికొచ్చారు. తర్వాత పైకి పరుగెత్తారు సామాన్ల కోసం. లాండ్రీ ఆయన ఊళ్ళో లేడు, షట్టరు తీసింది పనమ్మాయి.

అక్క కూడా కిందికి వచ్చి చూసింది. అందరికంటే ఎక్కువసేపు చూసింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

నాలుగో తారీకు అన్నాను.

"పన్నెండున మా ఇంట్లో అన్నం తిన్నావు."

ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. మాస్టారు తన పుస్తకాల మూట మోసుకుని మెట్లు దిగుతూ గోడ దగ్గర ఆగి, ఆ మాట చదివి, నావైపు తిరిగారు. తిడతారనుకున్నాను. గోడౌను అన్నావు కదమ్మా అన్నారంతే.

జూలై 25

ఎనిమిది కుటుంబాలూ స్కూల్లో ఉంటున్నాయి. ఆఫీసు నాకు మెమో ఇచ్చింది. అనుమతి లేకుండా ప్రజలను భయపెట్టినందుకు జవాబు చెప్పాలట. ఇల్లు మాత్రం అలాగే నిలబడి ఉంది. వాన తగ్గింది. రోజూ వెళ్ళి ఎదురుగా నిలబడుతున్నాను. కూలాలని కోరుకుంటున్నానా అని ఒక్క క్షణం అనిపించింది.

లాండ్రీ ఆయన ఊరినుంచి వచ్చాడు. షాపు ముందు కట్టిన తాడు పట్టుకుని నిలబడ్డాడు. అప్పటికి పొద్దున్నుంచి ఆరుగురితో గొడవపడి నా గొంతు పోయింది. మెమోకి జవాబు రాసుకోవాలన్నది బుర్రలో తిరుగుతోంది. నోటీసు కాగితం తీసి చదివి వినిపించాను. "ఈ భవనం శిథిలావస్థకు చేరినందున నివాసయోగ్యం కాదని తెలియజేయడమైనది." అలాగేనమ్మా అన్నాడు. వేలిముద్ర వేశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, జనం బట్టలు లోపలుండిపోయాయి, ఎలాగా అన్నాడు. చూద్దాంలే అన్నాను.

జూలై 27

సారు ఇద్దరు మనుషుల్ని పంపి గోడ మీద సున్నం కొట్టించారు. ఎర్రరంగు సున్నం కిందనుంచి గులాబీగా కనబడుతూనే ఉంది. భవనం పాతబడినదే గానీ తక్షణ ప్రమాదం లేదని, మంగళవారం నుంచి ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళవచ్చని స్కూలు తలుపుకు కాగితం అంటించారు. బెంచీల మీద పడుకుని నడుములు విరిగిన జనం చప్పట్లు కొట్టారట.

జూలై 29

పడిపోయింది. పదకొండుంబావుకి.

ఆగస్టు 1

రాయగలనేమో చూస్తాను.

మంగళవారం పొద్దున పది దాటాక అందరూ మూటలతో వచ్చారు. నేను మెట్లకు అడ్డంగా నిలబడ్డాను. ఒకాయన నన్ను భుజం పట్టి నెట్టేశాడు. ఆఫీసు కాగితం ఉంది, నువ్వెవరు అన్నాడు. నిజమే, ఆ కాగితం ముందు నేనెవర్ని. అప్పుడు అక్క వచ్చింది. ఆరు రోజులుగా నా ముఖం చూడని మనిషి వచ్చి మెట్ల మీద నా పక్కన నిలబడింది.

"రెండేళ్ళ కింద ఈ ఇల్లు బాగుందని మా చెల్లి నాతో అంది. అప్పుడు దీని ముఖం చూశాను. అబద్ధమని నాకు ఆరోజే తెలుసు. ఇల్లు కావాలన్న ఆశ కొద్దీ తెలియనట్టు ఊరుకున్నాను. ఇప్పుడు దీని ముఖం చూడండి. చూసి, అప్పుడు పైకెక్కండి."

గట్టిగా కూడా అనలేదు. కానీ ఎవరూ ముందుకు కదల్లేదు. మాస్టారు తన మూట తీసుకెళ్ళి రోడ్డుకు అవతల పెట్టి దాని మీద కూర్చున్నారు. ఆయన వెనక ఇంకో ఇద్దరు వెళ్ళారు. తర్వాత మిగతావాళ్ళు, గొణుక్కుంటూ.

ఆ నిశ్శబ్దంలో నాకు మిషన్ వినిపించింది. కాళ్ళ కింద మెట్టు అదురుతోంది. లాండ్రీ వెనకవైపు తలుపుంది, దానికి తాడు కట్టలేదు.

నేను పక్క సందులోకి పరుగెత్తాను. అరిచాననుకుంటాను. సందు సగంలో ఉండగా ముందు గాలి వచ్చి తోసింది, ఆ తర్వాత చప్పుడు. లేచేసరికి ఎదురుగా ఆకాశం ఉంది. ఇల్లుండాల్సిన చోట ఆకాశం. దుమ్ములోంచి అక్క గొంతు నన్ను పిలుస్తూనే ఉంది. ఆ గొంతు వైపు నడిచాను.

సాయంత్రానికి లాండ్రీ ఆయన్ని బయటికి తీశారు. చుట్టూ తడి బట్టలు.

ఆగస్టు 4

లాండ్రీ ఆయన భార్య ఉన్న చోటికి వెళ్ళాను. అక్క నేనూ వస్తానంది, వద్దన్నాను. చిన్న గది. ఆవిడ నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసింది. తిట్టలేదు. నేను చెప్పాల్సింది దారంతా కూడబలుక్కుని వెళ్ళాను.

మొదలుపెట్టేలోపే ఆవిడ లోపలికెళ్ళి మడత కాగితం తెచ్చింది. నేనిచ్చిన నోటీసు. ఇస్త్రీ చేసినట్టు చదునుగా ఉంది. మా ఆయనకు చదువు లేదమ్మా, మీరు చదివింది మాత్రం ఇంటికొచ్చి నాకు చెప్పాడు, ఆ ఒక్క మాట తెలియలేదన్నాడు, అని అంది. మేడమ్ గారు అలిసిపోయి ఉన్నారు, అంత పెద్ద మాట, అడిగితే బాగుండదని ఊరుకున్నాడట. ఇద్దరూ కలిసి పాతది అని అర్థమయ్యుంటుందనుకున్నారట. నివాసం అంటే కాపురముండేవాళ్ళకి కదా, మనది షాపే కదా అనుకున్నారట. తర్వాత ఆఫీసు కాగితంలోనూ పాతదనే ఉందని ఎవరో చదివి చెప్పారట. రెండూ ఒకటేననుకున్నారు.

ఆవిడ ఆ మాట మీద వేలు పెట్టింది.

"దీనికి అర్థమేంటమ్మా?"

కూలిపోతుందని అన్నాను.

ఆవిడ వేలు తియ్యలేదు. ఓహో అంది. చిన్నపిల్లకు చెబితే అన్నట్టు, మెల్లగా, ఓహో.

ఆగస్టు 6

రేపు విచారణ. సారు సెలవు మీద వెళ్ళిపోయారు. సొరుగులోని నా ఫైలు కనబడటం లేదని ఆఫీసు చెబుతోంది. నాలుగో తారీకునే నేను చూశాననడానికి ఇప్పుడు ఈ పుస్తకం ఒక్కటే ఉంది. పదిహేనున గాజు మార్చిన సంగతీ, మాస్టారితో గోడౌను అన్న సంగతీ కూడా ఇందులోనే ఉన్నాయి.

అక్క ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. ఇందాక నేను రాస్తుంటే వెనక నిలబడింది. ఆ రెండు మూడు పేజీలు చింపెయ్యవే, ఎవరికి తెలుస్తుంది, నీ ఉద్యోగమన్నా మిగులుతుంది అంది. నేను రాస్తూనే ఉన్నాను. సరే నీ ఇష్టం అని దీపం నా దగ్గరికి జరిపి వెళ్ళింది.

వాంగ్మూలం ముందు పెద్ద మాటలతోనే రాసుకున్నాను. కొట్టేశాను. మళ్ళీ రాశాను.

నేను నాలుగో తారీకున చూశాను. ఇల్లు కూలుతుందని నాకు తెలుసు. పంతొమ్మిది రోజులు ఆ ఇంట్లోవాళ్ళెవరికీ చెప్పలేదు. లాండ్రీ ఆయనకు అర్థమయ్యేలా ఎప్పుడూ చెప్పలేదు.